సీఓపీడీకి బైపాప్ ప్రెషర్ సెట్ చేయించడం – మా నాన్న విషయంలో నా అనుభవం

బైపాప్ (మాస్క్‌తో గాలి ఊదుతూ ఊపిరికి సాయం చేసే మెషిన్) పెట్టుకోమనగానే అందరం అడిగేది "ప్రెషర్ ఎంత పెట్టాలి?" అనే. సీఓపీడీలో, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయి ఊపిరి సరిగ్గా వదల్లేని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో, దానికి ఒక్క నంబర్‌తో జవాబు రాదు, రెండు నంబర్లు ఉంటాయి, వాటి మధ్య తేడాలోనే అసలు పనంతా ఉంది.

నాన్న చాలా ఏళ్ళుగా ఇన్‌హేలర్లు, నెబులైజర్‌తో నెట్టుకొస్తున్నారు. జలుబు ఛాతీకి పట్టేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళే టైంకి ఆయాసం కన్నా మత్తే ఎక్కువ భయపెట్టింది. కూర్చున్నచోటే తూగుతున్నారు, మాట మధ్యలో కళ్ళు మూతపడిపోతున్నాయి, చేతులు చాపమంటే అరచేతులు టపటపా కిందకి వాలుతున్నాయి. ఆక్సిజన్ పెట్టగానే ఆక్సీమీటర్‌లో 97 వచ్చింది, హమ్మయ్య అనుకునేలోపే డాక్టర్‌గారు వచ్చి తగ్గించేశారు. "వీళ్ళకి 88 నుంచి 92 చాలమ్మా, అంతకు మించి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోద్ది" అన్నారు. మణికట్టు దగ్గర ఆర్టరీలోంచి రక్తం తీసి ఏబీజీ (రక్తంలో వాయువులు, ఆమ్లం ఎంతున్నాయో చూసే పరీక్ష) చేస్తే పీహెచ్ 7.26 (ఇది తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు), కార్బన్ డయాక్సైడ్ 80 దాటేసింది. మామూలుగా అది 35–45 ఉండాలి, పీహెచ్ 7.35కి తగ్గకూడదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌కి ఇదేమీ కనపడదు, అందుకే మత్తుగా ఉన్న సీఓపీడీ పేషెంట్‌కి ఆక్సీమీటర్ బాగుంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

బైపాప్ 12/5తో మొదలుపెట్టారు. గాలి పీల్చేటప్పుడు మెషిన్ ఇచ్చే ప్రెషర్ ఐపాప్ (ఇక్కడ 12), వదిలేటప్పుడు మిగిలుండేది ఈపాప్ (ఇక్కడ 5). ఆ తేడా ఎంత పెరిగితే ఒక్కో ఊపిరికి అంత ఎక్కువ గాలి ఆడుతుంది, కార్బన్ డయాక్సైడ్ అంత బయటికి పోతుంది. అందుకని కింద నంబర్ కదపకుండా పైది 14, 16, 18 అని నాన్న తట్టుకునేదాన్ని బట్టి పెంచుకుంటూ పోయారు. గంట తర్వాత మళ్ళీ ఏబీజీ తీస్తే పీహెచ్ 7.31కి వచ్చింది.

కింద నంబర్ కథ వేరే. సీఓపీడీ ఊపిరితిత్తుల్లోంచి గాలి మెల్లగా బయటికొస్తుంది, అది పూర్తిగా పోకముందే తర్వాతి ఊపిరి వచ్చేస్తుంది, దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొచ్చే బస్సు లాగా. లోపల ఇరుక్కున్న ఆ గాలి ప్రెషర్‌ని దాటితేగానీ మెషిన్‌కి "ఈయన పీలుస్తున్నాడు" అని తెలీదు. డాక్టర్‌గారు నాన్న పొట్ట మీద చెయ్యి పెట్టి, మెషిన్ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డారు. పొట్ట లేస్తోంది, మెషిన్ ఊదట్లేదు, రెండు మూడు ఊపిర్లకోసారి అలా మిస్సవుతోంది. ఇరుక్కున్న ఆ ప్రెషర్‌ని దాటడం తేలికయ్యేలా ఈపాప్ 6 చేసి, ఊపిరి లోపలికిచ్చే టైం కాస్త తగ్గించారు, అంటే వదలడానికి ఎక్కువ టైం దొరికినట్టు. కాసేపటికి పొట్టా మెషినూ కలిసి ఆడటం మొదలైంది. ఇలాంటప్పుడు పైది పెంచుకుంటూ పోతే ఇరుక్కునే గాలి ఇంకా పెరగొచ్చట.

ఇక మాస్క్. కట్టుడు పళ్ళు తీసేస్తే నాన్న బుగ్గలు లోపలికి పోయి పక్కనుంచి గాలి కారిపోయేది, స్ట్రాప్ బిగిస్తే ముక్కు మీద పుండు. మెలకువగా ఉన్నప్పుడు పళ్ళు పెట్టే ఉంచమన్నారు, రాత్రికి వేరే సైజు మాస్క్ ఇచ్చారు. మా పెద్దమ్మైతే గాలి పోతోందని మాస్క్ ముందున్న చిన్న చిల్లులకి టేప్ వెయ్యబోయింది! అవి కావాలని పెట్టినవి, వదిలిన గాలి పోయే దారి అదే, మూస్తే అదే గాలి మళ్ళీ పీల్చుకోవాలి.

డిశ్చార్జ్ అవగానే మెషిన్ కొనమనలేదు. కొంతమందికి కొన్ని వారాల్లో కార్బన్ డయాక్సైడ్ దానంతటదే తగ్గుతుందట, అందుకే ఆగి మళ్ళీ ఏబీజీ చేస్తే 56. అప్పుడు రాసిచ్చారు. 2017లో బ్రిటన్ వాళ్ళ స్టడీ ఒకటి వచ్చింది, ఇలా ఆగి చూశాక కూడా 53 పైన ఉన్నవాళ్ళకి ఇంట్లో ఆక్సిజన్‌తో పాటు ఇలాంటి మెషిన్ కూడా ఇస్తే మళ్ళీ అడ్మిట్ అవ్వడం లేదా చనిపోవడం దాకా మధ్యస్థంగా 4.3 నెలలు పట్టింది, ఒక్క ఆక్సిజన్‌తో అయితే 1.4 నెలలే. అందులో వాడిన ఐపాప్ 24 చుట్టుపక్కల.

మెషిన్ తెచ్చిన సేల్స్ అబ్బాయేమో "అందరికీ 14/6 పెడతాం మేడం" అన్నాడు. తేడా 8 అన్నమాట, హాస్పిటల్లో వదిలిన 18/6లో తేడా 12. ప్రిస్క్రిప్షన్ చూపించి దాని ప్రకారమే పెట్టించాను. సీపాప్ చవక కదా అని ఇంకొకరు సలహా, దాంట్లో రెండు ప్రెషర్లే ఉండవు, అది స్లీప్ ఆప్నియాకి (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు).

తర్వాత డాక్టర్‌గారే విజిట్ విజిట్‌కీ ఒకటీ రెండూ పెంచుతూ 22/6కి తెచ్చారు. మధ్యలో పొట్ట ఉబ్బరం, నోరు ఎండిపోవడం, హ్యూమిడిఫయర్ పెట్టాక నోరు నయం, ఉబ్బరం మాత్రం అప్పుడప్పుడూ ఉంది. పొద్దున్నే వచ్చే తలనొప్పి పోయింది, అది కార్బన్ డయాక్సైడ్ వల్లేనట. విజిట్‌కి వెళ్ళేటప్పుడు మెషిన్‌లోని కార్డ్ తీసుకెళ్తా, ఎన్ని గంటలు వాడారు, లీక్ ఎంత అన్నీ అందులో ఉంటాయి. సెట్టింగ్స్ స్క్రీన్ ఫోటో మా ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది, రాత్రిపూట ఎక్కడ ఎమర్జెన్సీకి పరిగెత్తినా వాళ్ళు ముందు అడిగేది అదే.