రెట్సాఫ్: ఒక ఉప్పు గని, దాని చిన్న రైలు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉండే మనవాళ్లు ఇంటికి చుట్టాలొస్తే ముందు నయాగరా, ఆ తర్వాత లెచ్‌వర్త్ పార్కు చూపిస్తారు. మా అక్కావాళ్లూ అలాగే తీసుకెళ్లారు. జెనెసీ నది లోయ, జలపాతాలు, పైన రైలు వంతెన. చాలా బాగుంది. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన నాకు మాత్రం మనసంతా అక్కడికి దగ్గర్లోనే ఉన్న రెట్సాఫ్ మీదుంది. "అక్కడ చూడ్డానికేముందమ్మా?" అంటూనే బావగారు కారు అటు తిప్పారు.

రెట్సాఫ్ చిన్న ఊరు. రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లే రాతి ఉప్పు ఇక్కడి గనిలోంచే వెళ్లేది. ఆ ఉప్పును మోసే 14 మైళ్ల రైలు మార్గం దివాలా తీస్తే 1899లో ఎడ్వర్డ్ ఫుల్లర్ కొన్నాడు. అదే జెనెసీ అండ్ వయోమింగ్. ముప్పాతిక శతాబ్దం పైగా దానికి ఆ గనే ఆధారం.

1977లో పగ్గాలు అందుకున్న ఆయన మునిమనవడు మార్టిమర్ ఫుల్లర్, రైల్వేలకు యజమానిగా ఉండే ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టాడు. 1980లో రైల్వేల మీద ప్రభుత్వ ఆంక్షలు సడలిస్తూ వచ్చిన స్టాగర్స్ చట్టంతో పెద్ద రైల్వేలకు గిట్టుబాటు కాని శాఖా మార్గాలను వదిలించుకోవడం తేలికైంది. వీళ్లు అలాంటివి కొంటూ పోయారు: 1986లో రోచెస్టర్ అండ్ సదరన్, 1988లో బఫెలో అండ్ పిట్స్‌బర్గ్. ప్రతి మార్గానికీ దాని పేరు దానిదే, స్థానిక సిబ్బందీ ఉంటారు. పెట్టుబడి మాత్రం మాతృసంస్థ చూసుకుంటుంది. పెద్ద రైల్వే పట్టించుకోని పది వ్యాగన్ల ఫ్యాక్టరీ కూడా చిన్న రైల్వేకి ముఖ్యమైన ఖాతాదారే. అక్కడ నింపిన వ్యాగన్లను తీసుకెళ్లి పెద్ద రైల్వేకి అప్పగించడమే దీని పని.

క్యూలర్‌విల్ దగ్గర కారు ఆపించాను. 1994 మార్చి 12 తెల్లవారుజామున ఈ నేల కింద గని కప్పు కూలింది. నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి, పైన భూమి కుంగింది, చుట్టుపక్కల బావులు ఎండిపోయాయి. మరుసటి ఏడాదికి గని మూతబడింది. పాత 14 మైళ్లనే నమ్ముకుని ఉంటే ఆ రైల్వే కథ కూడా అప్పుడే ముగిసేదని నాకు గట్టిగా అనిపించింది. అప్పటికే వేరే మార్గాలుండబట్టి కంపెనీ నిలబడింది. 1996లో షేర్లు అమ్మింది, ఆ మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోనూ అడుగుపెట్టింది, 2012లో ఇలాంటి చిన్న రైల్వేల సంస్థే అయిన రైల్‌అమెరికాను కొనేసింది. 2019లో బ్రూక్‌ఫీల్డ్, జీఐసీ అనే పెట్టుబడి సంస్థలు కలిసి అప్పులతో సహా 840 కోట్ల డాలర్లకు దీన్ని కొనేనాటికి దీని చేతిలో దాదాపు 120 రైల్వేలున్నాయి.

మౌంట్ మోరిస్ వైపు కొత్త ఉప్పు గని ఒకటి నడుస్తోంది. పాత మార్గం 2003లో రోచెస్టర్ అండ్ సదరన్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఉప్పు వ్యాగన్లు లాగేది అదే. లెచ్‌వర్త్ వెళ్లేవాళ్లు ఒక గంట మిగుల్చుకుంటే ఇటు వచ్చి పోవచ్చు. టికెట్టూ మ్యూజియమూ ఏమీ లేవు. గేటు దగ్గర రోడ్డు మీద నుంచే చూడండి, పట్టాలు ప్రైవేటువి. నారింజ, నలుపు రంగుల ఇంజన్ కనిపిస్తే అది వీళ్లదే.