గమ్మున కూచునే ఆదివారం

చిన్నప్పుడు మా జేజి నన్ను రోజుకు పదిసార్లు "గమ్మునుండు రా" అని తిట్టేది. ఇప్పుడు నలభై ఆరేళ్లొచ్చినాక ఆ ఒక్క పని కోసం ప్రతి ఆదివారం బండేసుకుని ఎర్రముక్కపల్లె దాకా పోతాండా, ఆయమ్మ ఉండింటే ఏమనేదో.

దీనికంతా మూలం కడప ఎర్రముక్కపల్లెలో ఉండే రిటైరైన రైల్వే అన్న. ఆయన సర్వీసులో కొన్నేళ్లు మధ్యప్రదేశ్ ఇటార్సీలో ఉన్నాడు, ఆ పక్క హోషంగాబాద్‌లో (ఇప్పుడు నర్మదాపురం) క్వేకర్లు అనే క్రైస్తవ గుంపు ఉండాదంట, 1866లో రేచల్ మెట్‌కాఫ్ అనే ఆమె ఇంగ్లాండ్ నుంచి మన దేశానికి వచ్చింది, ఆమె వెనకాల వచ్చినోళ్లతో అక్కడ వాళ్ల పని పెరిగింది. "వాళ్లలో ఒక పద్ధతిలో పాస్టర్ ఉండడు, పాట ఉండదు, గంటసేపు గమ్మున కూచుంటారు, ఎవురికన్నా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేసి చెప్పి మళ్లీ కూచుంటారు, అంతే" అన్నాడు.

మాది మూడు తరాల సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఇల్లు. మా అమ్మ ఇది విని "పాటల్లేని ఆరాధన ఏందిరా, సావింటికి పోయినట్ల" అనింది. 1650లో, వాళ్ల గుంపును మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్‌ను జైల్లో వేసిన జడ్జి ఎగతాళికి పెట్టిన పేరే క్వేకర్, అంటే వణికేవాడు; మా అమ్మ మాట దాని ముందర ఎంతలే.

మొదటి వారం ఐదుగురం అన్న వాళ్ల మిద్దె మీద గదిలో చాపలేసుకుని కూచున్నాం. పది నిమిషాలకే నా బుర్రలో ఈఎంఐ, గ్యాస్ బండ, కింద కుక్కర్ విజిల్ లెక్క, ఒకాయనైతే గురక కూడా పెట్టినాడు. ఎవురూ నోరు తెరవలా. గంటయినాక అన్న పక్కనోళ్లకు షేక్‌హ్యాండ్ ఇచ్చినాడు, వాళ్ల పద్ధతిలో అయిపోయిందనేదానికి అదే గుర్తంట.

అసలు తిప్పలు టైము దగ్గర వచ్చింది. పొద్దున పదికి పెట్టుకున్నాం, మార్చి దాటితే కడప మిద్దె మీద ఆ టైముకు ఎవురు కూచుంటారు? నేను ఏడుకు అంటా, చర్చికి పోయేవాళ్లు కుదరదంటారు. సరే చేతులెత్తండి అన్నా. అన్న నవ్వి "వీళ్లు ఓట్లు పెట్టరప్పా" అన్నాడు. క్లర్క్ అని ఒకరుంటారు, అందరి మాట విని, గుంపు మనసు ఎక్కడికి చేరిందో అక్కడే రాసి చదువుతారు, ఒక్కరికి గట్టిగా ఒప్పకున్నా చాలాసార్లు ఆగుతారు. మిషన్ కుట్టే అక్కను క్లర్క్ చేసినాం (మా అమ్మ: "జీతమెంత?").

మన సీమలో నలుగురు చేరితే రెండు పార్టీలు, గెలిచినోడు ఓడినోడు తేలకుండా ఏదీ ఆగదు. ఇక్కడేమో ఒక టైము కోసం మూడు వారాలు. ఎంత ఇసుగో! నాలుగో వారం మౌనంలో ఒక చెల్లెలు లేసి, పొద్దున ఏడుకు మా అత్తకు నీళ్లు పోయాల, ఆమె మంచంలో ఉంది అని చెప్పి కూచుండె. మూడు వారాలుగా ఆ పాప ఈ మాట చెప్పలేకపోయింది, ఎందుకంటే నేనే గట్టిగా మాట్లాడతాంటి. అక్క నోటుబుక్కులో "ఆదివారం సాయంత్రం ఆరు" అని రాసి చదివింది, అందరం తలూపినాం.

మాలాంటి చిన్న గుంపును వర్షిప్ గ్రూప్ అంటారు, పాత మీటింగ్ (వాళ్ల సంఘానికి ఆ పేరే) ఏదన్నా దగ్గరికి తీసుకుంటే మీటింగ్ అయ్యేది తర్వాత సంగతి. ఇప్పుడు ఏడుగురం. ఆ గదిలో ఫ్యాన్ కిర్రు కిర్రుమంటాది, వేసుకోవాల్నా వద్దా అనేది రెండు వారాలుగా నోటుబుక్కులో అట్లే ఉంది.