ఘాట్ రోడ్డులో మూడో ప్లగ్గు

నేనూ బావా తెల్లారకముందే బయల్దేరాం. కారు 1960ల నాటిది. నాలుగు సిలిండర్లు, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ ఒకటే, కరెంటును కలిపి తెంచే పాయింట్లతో ప్లగ్గుల్లో రవ్వ పుట్టించే ఇగ్నిషన్. మొదటి రైల్వే గేటు దగ్గర ఆపగానే ఇంజిన్ వణికి వణికి ఆగిపోయింది. చలికేమో అనుకున్నాను. బ్రేక్ పెడల్ కూడా ఈమధ్య కాస్త గట్టిగా తగులుతోంది, దాన్ని అసలు పట్టించుకోలేదు.

ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక ఇంకో గొడవ వచ్చింది. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, ఇంజిన్ మిస్ కొడుతోంది, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండక కుదుపుతోంది. రోడ్డు చదునుగా ఉన్నచోట మళ్లీ బాగానే పోతోంది. నేను నేరుగా కార్బురేటర్ మీద పడ్డాను. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు (ఐడ్లింగ్‌లో) ఆగిపోకుండా, ఆ వేగాన్ని పెంచే ఐడిల్ స్క్రూ బిగించాను. పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ముందు ఎన్ని చుట్లలో ఉందో లెక్క కూడా పెట్టుకోకుండా తిప్పేశాను. ఐడ్లింగ్ నిమిషానికి 1200 చుట్లు దాటి అరుస్తోంది, మిస్సింగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

"రెండూ ఒకటే జబ్బని నీకెవరు చెప్పారు?" అన్నాడు బావ.

ఇంజిన్ చల్లారాక ప్లగ్గులు విప్పాం. మూడు లేత గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా, పెట్రోల్‌తో తడిసి ఉంది. దాన్ని తుడిచి రెండో సిలిండర్‌లో పెట్టి, అక్కడిది మూడో దాంట్లో పెట్టాం. పది వంపులు ఎక్కి మళ్లీ విప్పి చూస్తే మూడోదే నల్లబడింది. అంటే ప్లగ్గు తప్పు కాదు. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూశాం, 0.4 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది. కరెంటును ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో పగుళ్లు లేవు. ఈ పనిలో పడి పొద్దు గూకిపోయింది, మంచు కూడా దిగింది.

చీకటి పడటమే మంచిదైంది. టార్చి ఆపేసి బానెట్ ఎత్తి, బావను యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదలమన్నాను. మూడో ప్లగ్గు వైరు మీంచి పక్కనున్న ఇనుప బ్రాకెట్‌కి టిక్కుమంటూ నీలం రవ్వ ఎగిరింది. ఐడ్లింగ్‌లో ఆ రవ్వ లేదు. థ్రాటిల్ తెరుచుకుంటే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు ప్లగ్గు గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఆ కరెంటుకి వైరు మీది పగిలిన రబ్బరులోంచి బయటికి దూకడమే తేలికైంది. వైరును బ్రాకెట్‌కి తగలకుండా దూరంగా లాగి కట్టాం. టేపు కూడా చుట్టాం గానీ, అంత వోల్టేజ్‌ని టేపు ఆపుతుందని నాకైతే నమ్మకం లేదు, పని చేసింది ఆ దూరమే. మిగతా ఎక్కుడంతా ఒక్కసారి కూడా మిస్ కొట్టలేదు.

ఐడ్లింగ్ జబ్బు మాత్రం అలాగే ఉండిపోయింది. కొండ పైకి చేరాక, మర్నాడు పొద్దున ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పగానే మళ్లీ ఆగిపోయింది. ఎక్కేటప్పుడు రాకుండా ఆగినప్పుడే వచ్చే జబ్బంటే ముందు ఎయిర్ లీక్‌ని అనుమానించాలి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పోయే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ. చిన్న చిల్లైనా పెట్రోల్, గాలి పాళ్లు చెడిపోతాయి. థ్రాటిల్ తెరిచాక ఆ చిల్లిలోంచి వచ్చేది లెక్కలోకి రాదు. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీక్ వెతికేవాళ్లున్నారు. పక్కనే రవ్వలు ఎగిరే కారులో నాకంత ధైర్యం లేదు. మ్యానిఫోల్డ్ నుంచి పోయే గొట్టాలను ఒక్కోటీ గుడ్డ చుట్టిన పటకారుతో నొక్కుతూ పోయాను. ఆ వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌కి బలం అందించే బ్రేక్ సర్వో గొట్టం నొక్కగానే ఇంజిన్ గొంతు మారి నునుపుగా పలికింది. క్లిప్పు కింద, కంటికి కనపడకుండా, గొట్టం చీలి ఉంది.

చీలినంత మేర కోసేసి మళ్లీ బిగించాం. గొట్టం కాస్త పొడుగ్గా ఉండబట్టి సరిపోయింది. ఆ తర్వాత, నేను పాడుచేసిన మిక్స్చర్ స్క్రూని సరిదిద్దడానికే ముప్పావు గంట పట్టింది. పావు చుట్టు తిప్పడం, ఆగి వినడం, మళ్లీ తిప్పడం. చివరికి ఐడ్లింగ్ 750 దగ్గర నిలిచింది.

దిగేటప్పుడు మొదటి వంపులో బ్రేక్ తొక్కితే పెడల్ వెన్నలా దిగింది. బావ నా మొహం చూసి నవ్వాడు.

"ఇన్నాళ్లూ నీ కాల్లో బలం తగ్గిందనుకున్నావా?"