ట్రయల్ కెమెరా రాత్రిపూట ఆగిపోతోందా? నా అనుభవం

మాది పలమనేరు దగ్గర పల్లె, కౌండిన్య అడవి అంచునే పొలం. రాత్రిళ్లు టమాటా తోటలో పందులు పడి తొక్కేస్తా ఉంటే, ఏ పక్కనుంచి వస్తున్నాయో తెలిస్తే అటు కంచె గట్టిగా వేద్దామని గట్టుమీద చెట్టుకి ట్రయల్ కెమెరా, అంటే ముందర జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది, కట్టినా. మా పొలం కాబట్టి సరిపోయింది, అడవి లోపల మాత్రం ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుండా పెట్టద్దండి. కట్టడం, మెమరీ కార్డు వేయడం చిటికెలో అయిపోయాయి.

తంటా అంతా సెల్స్‌తోనే. పగలు చూస్తే ఫుల్ చూపిస్తాది, రాత్రి మొదటి పంది రాగానే ఆగిపోతాది, తెల్లారి ఆన్ చేస్తే మళ్లీ సగంపైనే! కంపెనీకి ఫోన్ చేస్తే "కొత్త సెల్స్ వేయండి సార్" అని ఒకటే మాట. సెల్స్ కొన్న షాపుకి పోతే అక్కడి కుర్రోడు ఒక్కోదాన్ని మీటర్‌కి పెట్టి "1.5 ఉంది చూడండి, మా సెల్స్ బాగానే ఉన్నాయి, మీకే కెమెరా వాడడం రాదు" అన్నాడు, అదీ కౌంటర్ కాడ ఉన్న జనం అందరి ముందర. వాళ్లు నవ్వుతా ఉంటే నాకు తల కొట్టేసినట్టయింది. అంత మాట పడి ఊరుకుంటానా?

ఇంటికొచ్చి అవే సెల్స్‌కి ఒక్కోదానికి చిన్న టార్చిబల్బు తగిలించి, అది వెలుగుతా ఉన్నప్పుడు కొలిచినా. కొన్ని ఒక్కసారిగా 1 వోల్టు కిందికి జారిపోయినాయి! ఆ షాపోళ్లు అంటగట్టినవి "హెవీ డ్యూటీ" అని రాసుండే జింక్ కార్బన్ సెల్స్. గోడ గడియారానికి, రిమోట్‌కి చాలు అవి. ఉత్తగా కొలిస్తే 1.5 చూపిస్తాయి, కరెంటు గట్టిగా లాగితే కూలబడతాయి, కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తాయి. కెమెరా గట్టిగా లాగేది రాత్రి చీకట్లో ఫొటో తీసేదానికి దాని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడే, అందుకే పగలంతా బాగున్నట్టు కనిపించింది. వరసలో 8 సెల్స్ ఉంటే ఒక్కటి నీరసించినా అన్నీ పోయినట్టే. లోడు మీద, అంటే కరెంటు లాగుతా ఉన్నప్పుడు, కొలవకుండా సెల్ బాగుంది అనేవాడి మాట నమ్మద్దు.

ఇప్పుడు వాడేది రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, ఊరికే పెట్టినా చార్జ్ తొందరగా దిగని రకం. వోల్టేజ్ 1.2 మాత్రమే గానీ చివరిదాకా ఇంచుమించు అట్లే నిలబడతాయి. మెనూలో బ్యాటరీ రకం మార్చుకోండి, ఆ ఆప్షన్ లేకపోతే మొదటినుంచీ తక్కువ చూపిస్తాది, కంగారు పడద్దు. కొన్ని కెమెరాలు 1.2 మీద సరిగ్గా పనిచేయవు, మాన్యువల్ చూసే కొనండి. పాతవీ కొత్తవీ కలపద్దు.

వీడియో తీసేసి ఫొటోలు పెట్టినా, 30 సెకండ్ల వీడియో అంటే లైట్లు 30 సెకండ్లూ వెలగాల్సిందే కదా. ముందర గడ్డి కోసేసి కెమెరాని ఉత్తరం వైపు తిప్పినా, ఎండకి కాగిన ఆకులు గాలికి ఊగినా వేడి కదలికని పట్టే సెన్సర్ జంతువనుకొని క్లిక్ కొడతాది మరి. ఇప్పుడు పందులు వాగు పక్క సందులోంచి దూరేది రాత్రంతా వరసగా పడతా ఉంది, కంచె పని అక్కడే మొదలుపెట్టినాం.

బయటి బ్యాటరీ పెట్టాలనుకునేవాళ్లు జాక్ 6 వోల్టులదా 12 దా, జాక్‌లో ప్లస్ ఉండేది మధ్య పిన్నుకా బయటి రింగుకా అనేది చూసుకున్నాకే వైరు తగిలించండి.