ఆవకాయ ఉప్పును గ్రాముల్లోకి మార్చాను: నా అనుభవం

మా ఇంట్లో ఆవకాయ లెక్కంతా గ్లాసుతోనే. ఆరు గ్లాసుల మామిడి ముక్కలకు గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు. అమ్మమ్మ ఇదే లెక్కను సోలతో చెప్పేది. డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లెలు ఈసారి తనే పెట్టుకుంటానని, "అక్కా, గ్రాముల్లో రాసి పంపు" అని అడిగింది. కారం కాస్త అటూ ఇటూ అయితే రుచి మారుతుంది, అంతే. ఉప్పు తగ్గితే జాడీ బూజు పడుతుంది. అందుకని ఉప్పుతోనే మొదలుపెట్టాను.

ముందు గ్లాసులో ఎంత పడుతుందో తేలాలి. ఖాళీ గ్లాసును వంటింటి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, అంచు దాకా నీళ్ళు పోశాను. 200 గ్రాములు, అంటే 200 మిల్లీలీటర్లు. గ్లాసును బాగా తుడిచి, అందులో ప్యాకెట్ సన్న ఉప్పును తట్టకుండా నింపి, చాకు వెనకవైపుతో పైభాగం సమం చేశాను. 240 గ్రాములు తూగింది. అదే గ్లాసులో రాళ్ళ ఉప్పు 200కు అటూ ఇటూగా ఊగింది, ఏ రెండుసార్లూ ఒకే అంకె రాలేదు. సందుల్లేని ఉప్పు మిల్లీలీటరుకు 2.16 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన గ్లాసుకు 430 గ్రాములు దాటాలి. రాళ్ళ ఉప్పు గ్లాసులో సగానికి పైగా గాలే ఉందన్నమాట!

ఇదంతా చూస్తున్న అమ్మకు విసుగొచ్చింది. "రాళ్ళ ఉప్పును అలాగే కొలుస్తారటే? ఎండబెట్టి, దంచి, జల్లించాక కదా కొలవాలి" అంది. ఆమె ముప్పావు గ్లాసు లెక్క ఆ దంచిన ఉప్పుకే చెల్లుతుంది. ఎండలో చెమ్మ పోతుంది, జల్లెడ పడితే పలుకులన్నీ దాదాపు ఒకే సైజుకు వస్తాయి, కాబట్టి తూకం నిలకడగా ఉంటుంది. అలాగే చేసి తూచాను. గ్లాసుకు 220, ముప్పావు గ్లాసుకు 165. ఆరు గ్లాసుల ముక్కలు సుమారు 720 గ్రాములు తూగాయి. అంటే కిలో ముక్కలకు 230 గ్రాముల ఉప్పు.

చెంచా సంగతి వేరు. మా కాటా చిటికెడు బరువుకు కదలదు. అందుకని పది టీస్పూన్ల సన్న ఉప్పును ఒకే గిన్నెలో వేసి, తూచి, పదితో భాగించాను. సమంగా నింపిన చెంచాకు 6 గ్రాములు. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మజ్జిగన్నంలో నాన్న కలుపుకొనే ఉప్పును ఆ రోజు తూచకుండా వదిలేశాను.

చెల్లెలి ఇంట్లో ఉన్నది కోషర్ ఉప్పు, అంటే అమెరికా వంటిళ్ళలో వాడే పెద్ద పలుకుల ఉప్పు. అందులో డైమండ్ క్రిస్టల్ అనే బ్రాండు. రేకుల్లా తేలికగా ఉంటుంది. టీస్పూనుకు 2.8 గ్రాములే. మోర్టన్ అనే మరో బ్రాండు కోషర్ ఉప్పయితే 4.8. డబ్బా మీద పావు టీస్పూను బరువు ముద్రించి ఉంటుంది, దాన్ని నాలుగుతో గుణిస్తే చాలు. మా ముప్పావు గ్లాసు లెక్క విని తను ఆ రేకుల ఉప్పును పోసి ఉంటే 165కు బదులు 84 గ్రాములు పడేవి. అంటే సగం ఉప్పు! తూచి వేస్తే ఆ ఉప్పయినా పరవాలేదు. కప్పుల పట్టికలు మాత్రం చూడవద్దన్నాను, అవి ఏ ఉప్పుకు వేసిన లెక్కలో చాలావాటిలో రాయరు.

230 గ్రాములతో కలిపి, మూడో రోజు తిరగకలిపినప్పుడు రుచి చూసి, చాలకపోతే కొద్దిగా చేర్చమని రాశాను. ఆవపిండి తూకం ఇంకా తేలలేదు, మర పట్టించిన తీరును బట్టి మారుతోంది. దాన్నీ కారాన్నీ ప్రస్తుతానికి గ్లాసు లెక్కలోనే పంపాను.