పావలా పోయింది, పావలా వడ్డీ మిగిలింది

మన బడి పూర్వ విద్యార్థుల్లో రెండు జట్లు: రూపాయలు, అణాలు, పైలు కూడినవాళ్లు, చుక్క పెట్టి పైసలు కూడినవాళ్లు. మధ్యన గీత పడింది 1957 ఏప్రిల్ 1న, రూపాయికి వంద పైసల లెక్క వచ్చిన రోజున.

మొదటి జట్టు పలక మీద మూడు వరసలుండేవి. 3-11-9కి 2-7-8 కలపాలి. పైలు 17. పన్నెండు పైలు ఒక అణా గనక 5 రాసి, 1 అణాల్లో కలుపు. అణాలు 19. పదహారణాలు ఒక రూపాయి గనక 3 రాసి, 1 రూపాయల్లో కలుపు. జవాబు 6-3-5. అణాల దగ్గర కూడా పన్నెండే తీసేసినవాడికి బెత్తం దెబ్బ. ‘పదహారణాల తెలుగు’ అన్న మాట ఈ పలక మీదిదే: ఒక్క అణా కూడా తక్కువ కాని నిండు రూపాయి. పదహారణాల పడుచంటే పదహారేళ్ల పిల్ల అనుకునేవాళ్లు ఇప్పుడు తగులుతున్నారు!

కొత్త పైసలొచ్చాక అణా 6 పైసలు, బేడ (రెండణాలు) 12, మూడణాలు 19, పావలా (నాలుగణాలు) 25 అయ్యాయి. అణా అసలు విలువ ఆరుంపావు పైసలు. బిళ్లల్లో సరిగ్గా కుదిరింది పావలా, అర్ధరూపాయి మాత్రమే. అందుకే బేడ జనం నోటి నుంచి జారిపోయింది, పావలా నిలిచింది. పావలా బిళ్ల 2011 జూన్ 30 తర్వాత చెల్లలేదు. మాట మాత్రం చెల్లుతోంది. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలకిచ్చిన ‘పావలా వడ్డీ’ అంటే వందకు నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. బ్యాంకు ఏడాది లెక్క చెబుతుంది, ఊళ్లో అప్పు నెల లెక్కన నడుస్తుంది. ‘రెండు రూపాయల వడ్డీ’ని రెండు శాతం అనుకుని సంతకం పెడితే కట్టాల్సింది 24 శాతం.

తులం సంగతి ఇంకా చిక్కు. పాత తులం 11.66 గ్రాములు, నేటి కొట్లో తులమంటే పది. నానమ్మ ‘పది తులాలు’ అన్నదానికీ మనవరాలు కొన్న పది తులాలకూ 16.6 గ్రాముల తేడా వస్తుంది. పెళ్లి మాటల్లో గ్రాములే రాసుకోవడం నయం.

వంటింట్లో నష్టం ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం. గిన్నెతో కొలిచే లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. తవ్వెడు పిండికి గిద్దెడు నూనె అంటే ఎనిమిదికి ఒకటి. గిన్నె ఏదైనా పాళ్లు మారవు. గిద్ద, సోల మరిచినవాళ్లు ఆ పాళ్లను గ్రాముల్లోకి దించుతారు, అక్కడే ఆవకాయ చెడుతుంది. సోలెడు దంచిన ఉప్పు, సోలెడు కారం ఒకే బరువు తూగవు, ఉప్పే బరువు. రెండూ సమానంగా తూచి వేస్తే ఉప్పు తగ్గుతుంది, జాడీలో బూజు కడుతుంది. పాత కొలత చేతికొస్తే తక్కెడ పక్కన పెట్టి, ఒకే గ్లాసుతో అన్నీ కొలవండి.

పూలమ్మి మాత్రం మూరను వదల్లేదు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, అదీ ఆమె చెయ్యే. పొట్టి చేతికి మూర తక్కువ, బేరం అక్కడే ఆడాలి.

కాలం మాటల్లోనూ ఇదే తంతు. రాత్రికి నాలుగు జాములు, జాముకు మూడు గంటలు. సాయంత్రం ఆరు నుంచి లెక్కేస్తే తెల్లవారుజాము మూడింటికి మొదలై ఆరింటికి ముగుస్తుంది. ‘తెల్లవారుజామున 2 గంటలకు ప్రమాదం’ అని పేపర్లో చూసినప్పుడల్లా మా లెక్కల మాస్టారి బెత్తం గుర్తొస్తుంది. రెండు గంటలంటే ఇంకా మూడో జామే.