మంచం అంచున నాలుగు నిమిషాలు

ఐసీయూలో ఫిజియోగా చేస్తున్నా కాబట్టి ఈ మాట వారానికోసారైనా పడుతుంది నాకు: "మనిషి మిషన్ మీద ఊపిరి తీసుకుంటుంటే లేపి కూర్చోబెడతారా మేడమ్?" మొన్న న్యుమోనియాతో వెంటిలేటర్ మీదున్న ఒక పెద్దాయన కొడుకైతే మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. కోపం రాలేదు, జ్వరం వస్తే దుప్పటి కప్పి "కదలకుండా పడుకో" అనే ఇంట్లోనే నేనూ పెరిగా.

కానీ అంత జబ్బులో పడుకునే ఉంటే కండ కరిగిపోతుంది. 2013లో లండన్‌లో ఐసీయూ పేషెంట్లకి అల్ట్రాసౌండ్‌తో తొడ కండరం కొలిస్తే పది రోజుల్లో సుమారు 18 శాతం తగ్గిపోయి ఉంది. తర్వాత ఊపిరితిత్తులు బాగైనా బాత్రూమ్ దాకా నడవలేకపోవడం అందుకే.

అలాగని ఎవర్నిపడితే వాళ్ళని లేపం. బీపీ పడిపోకుండా ఇచ్చే మందు డోసు పెరుగుతోందా, మిషన్ ఇచ్చే గాలిలో ఆక్సిజన్ 60 శాతం లోపే సరిపోతోందా, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 పైన ఉందా, అన్నిటికంటే ముందు మత్తు తగ్గించారా (మత్తులో ఉన్న మనిషితో నేనేం చేయిస్తా?) ఇవన్నీ చూసుకుని డాక్టర్ సరే అన్నాకే. ఆ రోజు సిస్టర్ ట్యూబ్ పట్టుకుంది, నేను వెనక కూర్చున్నా, యూరిన్ బ్యాగు ముందే ఇవతలికి మార్చాం, అది మర్చిపోతే లాగేస్తుంది చూడండి, పక్కకి తిప్పి కాళ్ళు కిందకి వేలాడేసి లేపితే మెడ నిలవట్లేదు ఆయనకి. కొడుకుని ఎదురుగా రమ్మన్నా. "నాన్నా, ఇటు చూడు" అన్నాడు. తల లేచింది. నాలుగు నిమిషాలు కూర్చున్నాడు, చెమటలు పట్టేశాయి, పడుకోబెట్టేశాం.

2009లో షికాగో, అయోవాల్లో 104 మందితో చేసిన స్టడీలో అందరికీ రోజూ కాసేపు మత్తు ఆపారు, ఆ టైములో మొదట్నుంచే కదిలించినవాళ్ళలో 59 శాతం మంది డిశ్చార్జ్ నాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు, మిగతా గ్రూపులో 35 శాతమే. అది చదివి నేనూ కొన్నాళ్ళు ఊగిపోయా, ఎంత ఎక్కువ చేయిస్తే అంత మంచిదని. 2022లో 'టీమ్' అనే ఇంకో స్టడీ వచ్చింది, 750 మందితో, ఇంకా ఎక్కువ, ఇంకా ముందుగా చేయించినా ఆరు నెలలకి లాభం కనపడలేదు, పైగా గుండె లయ తప్పడం, సాచురేషన్ పడిపోవడం లాంటివి ఎక్కువయ్యాయి. కదిలించడమే దండగ అని కొందరు తేల్చేశారు గానీ అందులో రెండో గ్రూపునీ కదిలించారు, కాస్త తక్కువగా, అంతే. నాకైతే అర్థమైంది, ఆ రోజు ఆ ఒళ్ళు ఎంత ఓర్చుకుంటే అంతే చేయించాలని.

మర్నాడు వెళ్తే కొడుకు అప్పటికే మంచం పక్క కుర్చీలు జరిపేసి రెడీగా ఉన్నాడు. రాత్రి బీపీ పడిపోయి మందు పెంచారట, ఇవాళ కూర్చోబెట్టనన్నా. "అదేంటి మేడమ్, నిన్న వద్దన్నా చేశారుగా!" ఏం చెప్పను, పడుకోబెట్టే పెద్దాయన పాదాలు మెల్లగా పైకీ కిందకీ ఆడించా, పదిసార్లు లెక్కపెట్టే పని కొడుక్కిచ్చా.